సున్నం ఆగిన చోట, కావి మొదలైన చోట

పాకాల నూనె మిల్లులో ఆవిరి గొట్టం అతుకు ఊడి, బాయిలర్ మనిషి రాజారత్నం ఒళ్ళు కాలి, చిత్తూరు ఆసుపత్రిలో పడి ఉన్నాడు. ఆ గొట్టం బిగించిన ఫిట్టరు చౌడప్పను పోలీసులు స్టేషనులో కూర్చోబెట్టారు. మిల్లు యజమాని గంగులప్ప నాయుడు తన ఇంజనీరు ధనంజయను గదిలోకి పిలిచి, "తనిఖీ దొర వస్తాడు. పోయింది గొట్టం, బాయిలర్ కాదు. ఆ ఒక్క మాట సెప్పు, సాలు" అన్నాడు. ధనంజయ అవుననలేదు, కాదనలేదు. అతను బాడుగకు ఉండేది చౌడప్ప ఇంటి ముందుగదిలో; ఆ ఇంటివాళ్ళను వరస కలిపి అత్తా, మామా అంటాడు. పోయిన వారం అతన్ని ఆ గది గడప మీద, నిద్ర లేని కళ్ళతో వదిలాము.

తెల్లవారింది. చౌడప్ప భార్య రంగనాయకమ్మ రెండు సంగటి ముద్దలు తెచ్చింది. ఒకటి ధనంజయ తట్టలో పెట్టింది. రెండోది సత్తుగిన్నెలో పెట్టి మూత బిగించి అతని పక్కన పెట్టింది.

"ఇది నీకు. అది మీ మామకు. స్టేషన్‌లో తిననిస్తారో లేదో, నువ్వే తీసకపో."

"ఈ రోజు మామను మిల్లుకే తీసుకొస్తారత్తా. దొర ముందర మాట అడుగుతారంట."

"మాట అడిగేదానికా, మాట అంటగట్టేదానికా?"

ధనంజయ సంగటిలో గుంట చేసి ఊరిబిండి పచ్చడి పెట్టుకున్నాడు గాని నోటిదాకా పోలేదు.

"నువ్వు సదువుకున్నోడివి, నేను సెప్పేదేముండాది" అంది ఆమె గోడకు ఆనుకుని. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతులో ఇక బరువు కూడా లేదు. "ఒకటే అడగతా. ఆ గొట్టానికి కావి పూసేటప్పుడు సూసినావా ఆయన్ని? బిడ్డకు తలకు పోసినట్ల పూసేవాడు. అట్లాంటి మడిసి దాన్ని ఊడిపొయ్యేట్ల బిగిస్తాడా?"

"లేదత్తా."

"ఆ మాట ఈడ సెప్పేది కాదు నాయనా. ఆడ సెప్పాల."

అతను ముద్ద అలాగే వదిలి లేచాడు.

మిల్లు దగ్గర చప్పుడు లేదు. మామూలు రోజుల్లో రైలు స్టేషను దాటగానే చెవుల్లో పడే గానుగ యంత్రాల మోత లేకపోయేసరికి, రైలు ఇంజను షంటింగు చేస్తున్న కూత కూడా ఒంటరిగా వినిపిస్తోంది. నూనె తీసిన శెనక్కాయ చెక్క వాసన మాత్రం అలాగే ఉంది. కూలీలు గేటు నీడలో వరసగా కూర్చున్నారు. మిల్లు నడవని రోజు వాళ్ళకు కూలి లేదు. అయినా వేరే చోటికి పోవడానికి మనసొప్పక రోజూ వచ్చి కూర్చుంటున్నారు.

"ఏం ఇంజనీరు సామీ, ఈ పొద్దన్నా పొగ సూస్తామా?" అని ఒకడు అడిగాడు.

"పొగ యాడిది, ముందు ఆయప్ప మొగం సూడరా. పొయ్యి ఆరిపోయినట్ల ఉండాది" అన్నాడు ఇంకొకడు. ఎవరూ గట్టిగా నవ్వలేదు.

బాయిలర్ షెడ్డు మిల్లు వెనక ఉంది. అది నిలువు బాయిలరు. ఇద్దరు మనుషుల ఎత్తు ఉన్న ఇనప పీపా, ఇటిక దిమ్మె మీద నిలబెట్టి ఉంటుంది. కింద శెనక్కాయ పొట్టుతో మంట. పైన ఒక పక్కన మెడలాగా ముందుకు వచ్చిన పొట్టి గొట్టం, దాని చివర పళ్ళెం లాంటి ఇనప చక్రం. ఆ పళ్ళేనికి ఎదురుగా ఇంకొక పళ్ళెం, దానితో మొదలై గోడ వెంట గానుగ గది దాకా పోయే ఆవిరి గొట్టం. రెండు పళ్ళేల మధ్య ప్యాకింగు పెట్టి చుట్టూ బోల్టులు బిగిస్తే ఆవిరి బయటికి రాదు. ఇప్పుడా బోల్టులు తెగి, గొట్టం కొసను తాడుతో కప్పు దూలానికి కట్టి ఉంచారు.

తనిఖీ అధికారి జయరావు మద్రాసు నుంచి కాట్పాడి మీదుగా రాత్రి బండిలో వచ్చాడు. గోదావరి జిల్లా మనిషి. యాభై దాటిన వయసు, నీరసపు దగ్గు. బండిలో కూర్చోను చోటు దొరకలేదేమో, నడుం మీద చెయ్యి వేసుకునే మాట్లాడుతున్నాడు. గంగులప్ప నాయుడు కుర్చీ వేయించినా కూర్చోలేదు. పోలీసు జవాను చౌడప్పను తెచ్చి మూల నిలబెట్టాడు. బేడీలు లేవు. అయినా చౌడప్ప రెండు చేతులూ దగ్గరగా పెట్టుకునే ఉన్నాడు.

ధనంజయ సత్తుగిన్నె అతని కాళ్ళ దగ్గర పెట్టాడు. చౌడప్ప గిన్నె వైపు చూశాడు, అతని వైపు చూడలేదు.

"నేను రాయవలసింది ఒక్క మాట" అన్నాడు జయరావు. "లోపం బాయిలర్‌దా, గొట్టానిదా. బాయిలర్‌దైతే దీని పర్మిటు ఆపాలి. మరమ్మతు చేసి, నీళ్ళ ఒత్తిడి పరీక్ష పెట్టి, మళ్ళీ చూసేదాకా నిప్పు వెయ్యకూడదు. గొట్టానిదైతే కొత్త బోల్టులు వేసుకుని సోమవారం మొదలుపెట్టుకోవచ్చు. గొట్టం బిగించిన మనిషి సంగతి పోలీసులు, కోర్టు చూసుకుంటారు."

"గొట్టానిదే గదండీ" అన్నాడు గంగులప్ప నాయుడు. "బాయిలర్ చూడండి, ఎంత శుభ్రంగా ఉండాదో."

శుభ్రంగానే ఉంది. మంట మసి తగలని భాగమంతా తెల్లగా సున్నం. మెడ మీద, మెడ చివర పళ్ళెం అంచు దాకా సున్నమే. గొట్టం మీద మాత్రం ఎర్రటి కావి, గుడి గోడ పట్టెలాగా. తెలుపు ఆగిన చోట ఎరుపు మొదలైంది. మధ్యలో తెగిన బోల్టు ముక్కలు రెండు మూడు ఇంకా కన్నాల్లో ఇరుక్కుని ఉన్నాయి, తుప్పు పట్టి.

"ఈ రంగులేమిటి?" అన్నాడు జయరావు.

పొట్టు ఎగదోసే కుప్పయ్య ముందుకొచ్చాడు. బాయిలర్ దగ్గర రాజారత్నానికి చేతికింద పనిచేసేవాడు అతనే.

"సున్నం రాజారత్నందండి, కావి చౌడప్పది. సీజను మొదట్లో బాయిలర్ కడుగుతాం గదా సామీ, అప్పుడు ఆయప్ప సున్నం కొడతాడు. పొయ్యి తలుపు లోపక్క సున్నంతో శిలువ గీస్తాడు, బయట నేను పసుపు కుంకాలు పెడతా. మాకు మాకు దాంట్లో తగువు లేదు. చౌడప్ప గొట్టానికి కావి పూస్తాడు. మిల్లు పెట్టిన కొత్తలో ఇద్దురికీ ఒకరి పని మింద ఒకరు సెయ్యి పెడితే కొట్లాట వచ్చినాది. అప్పుడు పెట్టుకున్న కట్టు ఇది. సున్నం ఉండేదాన్ని చౌడప్ప ముట్టడు. కావి ఉండేదాన్ని రాజారత్నం ముట్టడు."

"మరి ఈ బోల్టులకు ఏ రంగూ లేదేం?"

కుప్పయ్య తల గోక్కున్నాడు. "అవి ఎవురివీ కాదు సామీ. పొలం గట్టు మాదిరి. గట్టు మింద ఇద్దురూ నడస్తారు, ఎవురూ దున్నరు."

"మా ఊర్లో దున్నతారప్పా" అన్నాడు జవాను. "రాత్రికి రాత్రి గట్టును జరిపి మరీ దున్నతారు."

జయరావు నవ్వబోయి దగ్గాడు. తర్వాత చౌడప్ప వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. అతుకు కారుతున్నట్టు నీకు ముందే తెలుసా?"

"తెలుసు సార్" అన్నాడు చౌడప్ప. "ఆవిరి సన్నంగా కొడతా ఉండాదని రాజారత్నం వచ్చి సెప్పినాడు. అది నీ మెడ కాడిది గదా, నీదే, బిగించుకో అన్నా. ఆయప్ప, నీ గొట్టం లాగతా ఉండాది, నీదే అన్నాడు. మర్నాడు పొద్దున మళ్ళా సెప్పినాడు. మళ్ళా అదే మాట అన్నా. నేను బోల్టు ముట్టలేదు సార్. ముట్టుంటే ముట్టినానని సెప్తా."

"ఇద్దరూ చూశారు" అన్నాడు జయరావు, తనలో తను. "ఇద్దరూ పని తెలిసినవాళ్ళే. ఇద్దరూ తమ పని తాము చక్కగా చేశారు." ధనంజయను పిలిచాడు. "మీరు ఇంజనీరు. ఈ హద్దు మీరైనా చెప్పండి."

ధనంజయ చేతిలో రెండు నక్షాలు ఉన్నాయి. బాయిలర్ తయారుచేసినవాళ్ళు పంపింది ఒకటి, తను గీసింది ఒకటి. కాలేజీలో ఉండగా ఇలాంటి నక్షా గీయడం వచ్చిన రోజు, నగరిలో మగ్గం మీద కూర్చున్న నాయనకు చూపించి, ఈ గీత ఇది, ఆ గీత అది అని చెప్పుకున్నాడు. తమ ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాడు తనొక్కడే.

"బాయిలర్ వాళ్ళ నక్షా మెడ పళ్ళెంతో ఆగిపోతుంది సార్" అన్నాడు. "నేను గీసింది గొట్టం పళ్ళెంతో మొదలవుతుంది."

"బోల్టులు?"

"వాళ్ళ దాంట్లో లేవు. నా దాంట్లోనూ లేవు."

"అయితే ఈ కుప్పయ్య చెప్పిందే మీ కాగితాలూ చెబుతున్నాయన్న మాట."

గంగులప్ప నాయుడు గొంతు సవరించుకున్నాడు. "సార్, బోల్టు దేనికి పెట్టేది? గొట్టం తగిలించేదానికి. గొట్టం లేకుంటే బోల్టు పనేముండాది? ఏమప్పా ధనంజయా, నోరిప్పి సెప్పు."

"బాయిలర్ లేకపోయినా బోల్టు పని ఉండదు కదండీ" అన్నాడు ధనంజయ. అంతకంటే ముందుకు పోవడానికి అతనికి ఓపిక కూడా లేదు, తోవా కనపడలేదు. బాయిలర్‌ది అంటే నేరం రాజారత్నం తలకు చుట్టుకుంటుంది, గేటు దగ్గరి కూలీలు ఈ సీజనంతా అలాగే కూర్చుంటారు. గొట్టానిది అంటే చౌడప్ప ఇటునుంచి ఇటే చిత్తూరు కోర్టుకు పోతాడు.

జయరావు అతని మొహంలోకి కాసేపు చూసి, "భోజనం తర్వాత చెప్పండి. కానీ చెప్పాలి" అన్నాడు.

*

ధనంజయ షెడ్డు వెనక పొట్టు కుప్ప నీడలో కూర్చున్నాడు. ఎండ ముదిరింది. కళ్ళు మూతలు పడుతుండగా ఎవరో "సార్" అన్నారు. రాజారత్నం భార్య ఆనందమ్మ. చిత్తూరు నుంచి వచ్చే బండి దిగి తిన్నగా నడిచి వచ్చినట్టుంది, కాళ్ళకు దుమ్ము. ఆమె చీర కొంగుకు ఆసుపత్రి మందు వాసన.

"ఎట్లుండాడమ్మా?"

"మాట వచ్చినాది సార్ నిన్న సాయంత్రం." ఆమె కింద కూర్చుంది. "పెదాలు వాచిపోయి మాట అర్థం కాలేదు. మూడు సార్లు అడిగితే అర్థమైనాది. ఏమన్నాడో తెలుసునా? చౌడప్పను ఇడిపించు, ముందు ఆ పని సేసి తర్వాత నాకు నీళ్ళు తాపు అన్నాడు."

ధనంజయ నిటారుగా కూర్చున్నాడు.

"ఆ పొద్దు బోల్టు బిగించింది ఈయనే సార్. రెండు దినాలు ఒకరిమింద ఒకరు సెప్పుకుంటా ఉండారు గదా, ఇంక ఇసుగు పుట్టి, పోనీ ఎవురిదైతే ఏమి అని పానా పట్టుకుని ఎక్కినాడంట. ఆవిరి దించకుండానే. ఒక్క తిప్పు తిప్పినాడంట. ఒక బోల్టు టప్‌మని తెగినాది. తర్వాత అన్నీ పోయినాయి."

కుప్ప మీద నుంచి పొట్టు గాలికి జారింది. ఆవిరి నిండుగా ఉన్నప్పుడు అతుకు బోల్టు మీద పానా వేయకూడదని రాజారత్నానికి తెలియకపోలేదు. ఆ సంగతి కుప్పయ్యకు నేర్పింది రాజారత్నమే.

"దొరకు సెప్పమన్నాడు" అంది ఆనందమ్మ. "సెప్పే వస్తానని ప్రభువు మింద ఒట్టేసి బండెక్కినా. గేటు కాడ నాయుడి సామి గుమాస్తా అంటాండాడు, బాయిలర్ మడిసి తప్పని తేలితే మేముండే మిల్లు పాక ఖాళీ సెయ్యాల్నంట. ముగ్గురు బిడ్లు సార్. ఆయనకు చేతుల మింద తోలు లేదు. ఇంక ఆ చేతులు పిడికిలి పడతాయో లేదో డాక్టరమ్మ సెప్పలేదు." కాళ్ళ దుమ్ము కొంగుతో దులుపుకుని, "సదువుకున్నోరు మీరు. సెప్పమంటారా, వద్దంటారా?" అంది.

పొద్దున రంగనాయకమ్మ, ఇప్పుడు ఈమె. ఇద్దరూ అదే మాట, చదువుకున్నవాడివి. చదువులో ఈ పాఠం ఎక్కడా లేదు.

"నేను చెప్పమనలేనమ్మా. వద్దనలేను కూడా."

"ఊరికే అడిగినాలే సార్" అంది ఆమె లేస్తూ. కోపం లేదు ఆ మాటలో, అందుకే అతనికి మరీ కష్టంగా తోచింది. "రాత్రంతా ఆయన పక్కన కూర్చుని, ఇంకొకరెవురన్నా సెప్తే బాగుండునని అనుకున్నా. ఎవురూ సెప్పరు. నేనే సెప్పాల."

ఆమె షెడ్డు వైపు నడిచింది. ధనంజయ వెనకాలే లేచాడు.

*

ఆనందమ్మ జయరావు ముందు నిలబడి ధనంజయతో చెప్పిందంతా అలాగే చెప్పింది. ఒక్క మాట తగ్గించలేదు. కుప్పయ్య తువ్వాలు నోటికడ్డం పెట్టుకున్నాడు.

గంగులప్ప నాయుడు మాత్రం పెద్దగా కదలలేదు. చౌడప్ప తప్పైనా, రాజారత్నం తప్పైనా, మనిషి తప్పు అంటే చాలు ఆయనకు. "సూసినారా సార్. ఆవిరి దించకుండా పానా ఏస్తే బాయిలరేం సేస్తుంది, గొట్టమేం సేస్తుంది! ఇంక రాసుకోండి" అన్నాడు.

జయరావు కలం తీశాడు. అప్పుడు మూల నుంచి చౌడప్ప గొంతు వచ్చింది.

"ఆయమ్మ సెప్పేది నిజం కాదు సార్. బిగించింది నేను."

ఆనందమ్మ తిరిగి చూసింది. "అన్నా!"

"నువ్వు గమ్మునుండు తల్లీ. నీకేం తెలుసు, నువ్వు ఈడ లేవు."

"పొద్దున ముట్టలేదన్నావు" అన్నాడు జయరావు.

"పొద్దున అబద్ధం సెప్పినా."

"ఇప్పుడు చెబుతున్నావు అబద్ధం. ఎందుకు?"

చౌడప్ప తన రెండు చేతులూ ముందుకు చాచి చూసుకున్నాడు, కొత్తగా చూస్తున్నట్టు. "ఆయప్పకు ఇంక చేతులు ఉండాయో లేవో. నాకుండాయి. జైల్లోనైనా రాళ్ళు కొట్టుకుంటా బతకతా. రెండు దినాలు నీది నీదని తోసినా సార్. ఆ బోల్టులు నావి అనుంటే ఆయప్ప ఎక్కేవాడే కాదు. ఇప్పుడంటాండా. నావి. రాసుకోండి."

పొద్దుటి నుంచి ఎవరివీ కాని బోల్టులకు ఒక్కసారిగా ఇద్దరు యజమానులు తేలారు. జవాను ఎటు చూడాలో తెలియక కప్పు వైపు చూశాడు. ఆనందమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

జయరావు కలం మూత పెట్టాడు. "సరే. బిగించింది నువ్వే అయితే ఎలా బిగించావో చూపించు" అన్నాడు. మాట కటువుగా లేదు. అబద్ధాన్ని తిట్టకుండా విప్పాలనుకున్నట్టు ఉంది. కుప్పయ్య కొత్త బోల్టు ఒకటి, పానా తెచ్చి ఇచ్చాడు. చౌడప్ప మెట్టుబల్ల ఎక్కాడు. దూలానికి కట్టిన తాడు వదులుచేసి, కుప్పయ్యా జవానూ గొట్టం కొసను ఎత్తి మెడ దగ్గరికి తెచ్చారు. రెండు పళ్ళేలూ ఒకదానికొకటి ఎదురుగా వచ్చాయి.

చౌడప్ప కన్నంలో బోల్టు పెట్టి తోశాడు. పోలేదు. పక్క కన్నంలో పెట్టాడు. అక్కడా పోలేదు.

"పైకెత్తండబ్బా."

ఎత్తారు.

"ఇటు తోయండి. ఇంకా. ఇంకా!"

"ఇంకెక్కడికి తోసేదప్పా, గోడ కూలుతాది" అన్నాడు జవాను చెమట కారుస్తూ.

కన్నానికీ కన్నానికీ మధ్య బొటనవేలంత ఎడం. పళ్ళేలు కూడా సమంగా ఆనలేదు, పైన తాకితే కింద నోరు తెరుచుకుని ఉంది. చౌడప్ప బోల్టు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కాసేపటి క్రితం తను మోయబోయిన నేరం సంగతే మరిచిపోయాడు.

"ఇదేంది" అన్నాడు. "నేను పెట్టిన నాడు ఏలితో తోస్తే పోయినాది సార్ బోల్టు. పానా కూడా అక్కర్లేకపాయె."

"ఊడిన దెబ్బకు గొట్టం వంకర పోయుంటాది" అన్నాడు గంగులప్ప నాయుడు తొందరగా.

ధనంజయ గానుగ గది వైపు కొసకు పోయాడు. ఒక కన్ను మూసి గొట్టం వెంట చూశాడు. నగరిలో నాయన వీధిలో పడుగు సాగదీసి ఇలాగే ఒంటికన్నుతో చూసేవాడు. వెయ్యి పోగుల్లో ఒక పోగు సడలినా ఆ కంటికి తెలిసేది. ఎర్రటి గొట్టం గోడ వెంట తిన్నగా వచ్చింది. దాన్ని పట్టి ఉంచేందుకు గోడలో దిగ్గొట్టిన కమ్మీలు ఒక్కటీ కదలలేదు. కావి ఎక్కడా పగల్లేదు.

"గొట్టం వంగలేదు సార్" అన్నాడు.

"మరి?"

ధనంజయ పొట్టు బస్తా మూతి నుంచి పురికొస ఒకటి లాగాడు. చౌడప్ప చేతిలోని బోల్టు అడిగి తీసుకుని దానికి కట్టాడు. తాపీ మేస్త్రీలు గోడ సరి చూసుకునే గుండు లాగా తయారైంది. బాయిలర్ వెనక వైపుకు పోయాడు. అక్కడ బూడిద కుప్ప నడుం ఎత్తున ఉంటుంది, పని లేనివాడెవడూ అటు పోడు. నిచ్చెన వేసుకుని ఎక్కి, పీపా పై అంచుకు పురికొస ఆనించి వదిలాడు. బోల్టు ఊగి ఊగి నిలబడింది.

పైన దారం ఇనుముకు తాకుతోంది. కింద బోల్టుకూ బాయిలర్‌కూ మధ్య కుప్పయ్య చెయ్యి పెట్టి చూశాడు. మూడు వేళ్ళు పట్టాయి.

"అమ్మ ఒరిగింది సామీ!" అన్నాడు కుప్పయ్య. బాయిలర్‌ను అతను ఎప్పుడూ అమ్మ అనే అంటాడు. ఆ మాటతో అందరూ తల పైకెత్తారు. పొగ గొట్టం కప్పు కన్నం మధ్యలో లేదు. ఒక పక్క రేకు అంచును ఒరుసుకుంటోంది. రోజూ అందరూ కిందనుంచి పైకి చూసే చోటే అది.

జయరావు చుట్టూ తిరిగి వచ్చాడు. అప్పటిదాకా నడుం మీద ఉన్న చెయ్యి తీసేశాడు. "గొట్టానికి దూరంగా ఒరుగుతోంది. కొద్దికొద్దిగా. అతుకును లాగుతూ."

"కారింది అందుకే సార్" అన్నాడు ధనంజయ నిచ్చెన దిగుతూ. "బోల్టులు అప్పటికే లాగుడు మీద ఉన్నాయి. రాజారత్నం కాకపోతే చౌడప్ప మామ, ఇవాళ కాకపోతే రేపు. ఎవరు పానా వేసినా తెగేవే. వెయ్యకపోయినా తెగేవేమో." "పొద్దుటి నుంచి బాయిలర్ ఎక్కడ ముగుస్తుందని అడుగుతున్నారు సార్. మేమందరం మెడ దగ్గరే వెతికాం. కింద ఎక్కడ ముగుస్తుందో ఎవరమూ చూడలేదు."

మెట్టుబల్ల మీద చౌడప్ప మెల్లగా కూర్చున్నాడు. ఆనందమ్మ అతని దగ్గరగా పోయి నేలమీద కూలబడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

జయరావు కోటు విప్పి కుర్చీ మీద పడేశాడు. బూడిద కుప్ప పక్కన మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో బూడిద పక్కకు తోశాడు. కింద ఇటిక దిమ్మె కనపడింది. దాని మీదా రాజారత్నం సున్నం కొట్టే ఉన్నాడు, నేల తాకేదాకా. ఆ తెలుపులో ఒక నెరియ నల్లగా, ఏటవాలుగా నేలలోకి దిగిపోయింది. అది పోయిన చోట మట్టి రంగు వేరుగా ఉంది, ఎప్పుడో తవ్వి పూడ్చినట్టు మెత్తగా, చుట్టూ ఉన్న ఎర్రమట్టి లాగా కాదు.

ఆయన ఆ మట్టిని రెండు వేళ్ళతో నలిపి చూసి, ఏదో అడగబోతూ తల తిప్పాడు.

గంగులప్ప నాయుడు అంతకుముందే రెండడుగులు ముందుకు వచ్చి ఉన్నాడు. ఎర్రగా ఉండే మొహం పాలిపోయి, గేటు దగ్గరి కూలివాళ్ళకంటే నీరసంగా కనపడ్డాడు.

"తవ్వొద్దండి" అన్నాడు. "ఆడ తవ్వొద్దు."

షెడ్డులో గునపం లేదు, పార లేదు. తవ్వుదామని అప్పటిదాకా ఎవరూ అనలేదు.